మర వదులైందని నేను చెప్పలేదు

తప్పు నాదని ఆ రోజు విచారణ గదిలో నేను చెప్పలేదు. ముప్పై ఏళ్ళు దాటినా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మొన్న మా ఇంటికి ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చినతను గోడమీది డబ్బాలోకి నీలం రంగు కనెక్టరును వేలితో నెట్టి, టక్కుమనగానే పనైపోయిందన్నట్టు లేచి నిలబడ్డాడు. ఏ రకం వాడాలన్న ఆలోచనే అతనికి లేదు. నేను మాత్రం అతనికి మంచినీళ్ళివ్వడం కూడా మరిచి ఆ డబ్బా వంకే చూస్తూ కూర్చున్నాను.

ఎనభైలు ముగిసే రోజుల్లో, పామిడి అవతల సున్నపురాయి పిండికొట్టే ఒక కర్మాగారంలో నేను కొత్త ఇంజనీరును. రాయి పగలగొట్టే క్రషర్ నుంచి కంట్రోల్ రూముకు సంకేతాలు తెచ్చే రాగి తీగలు పెద్ద మోటార్ల దెబ్బకు తప్పుడు కబుర్లు మోస్తున్నాయని, వాటి స్థానంలో వెంట్రుకంత గాజు తీగ వేయాలనుకున్నారు. వెలుతురు మీద కబురు నడుస్తుందంటే అప్పట్లో నమ్మేవాళ్ళు ఎంత తక్కువో మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ తీగ కొనలకు రెండు రకాల కనెక్టర్లు నమూనాకు వచ్చాయి. ఒకటి నట్టులా మర తిప్పి బిగించేది, ఇంకొకటి నొక్కి కొంచెం తిప్పితే స్ప్రింగు ఒత్తిడితో తాళం పడేది.

కొనలను అద్దంలా సానపట్టే పని మా టెక్నీషియన్‌ది. ధర్మవరం నేత కుటుంబం, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునే బతుకు ఇక వద్దని, వయసు మీరాక ఈ పని నేర్చుకుని వచ్చిన మనిషి. పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతికేటప్పుడు పట్టు జారకుండా వేళ్ళకు బూడిద రాసుకోవడం వాళ్ళ పద్ధతి. అన్నకు ఆ అలవాటు పోలేదు, గాజు తీగ పట్టే ముందు కూడా చిటికెడు బూడిద రుద్దుకునేవాడు. కానీ పనయ్యాక ప్రతి కొననూ స్పిరిటుతో తుడిచి, భూతద్దంలో చూసుకుని గాని వదిలేవాడు కాదు. నేను పక్కనే కూర్చుని చూసేవాణ్ణి.

ఏది కొనాలో రాయాల్సింది నేను.

"మర వద్దప్పా. ఈడ నేలే అదురుతాండాది, ఎంత బిగించినా వదులైతాది. తాళం పడేదే రాయి," అన్నాడు అన్న.

"ఇది మగ్గం కాదన్నా," అన్నాను నవ్వుతూ.

"మగ్గమైతే నీతో చెప్పేవాణ్ణే కాదులే," అని ఆయనా నవ్వాడు.

మర బిగిస్తే చేతికి గట్టిగా తగులుతుంది, ఆ గట్టితనాన్నే నమ్మి మర రకమే రాశాను.

ఎండాకాలం రాకముందే ఒక మధ్యాహ్నం సంకేతం ఆగిపోయింది. క్రషర్ నిలిచిపోయిన సంగతి కంట్రోల్ రూముకు తెలియక, బెల్టు రాళ్ళు తెచ్చి పోస్తూనే ఉండి చివరికి తెగింది. క్రషర్ దగ్గరికి ముందుగా పరుగెత్తింది నేనే. కనెక్టరు మర వదులై ఉంది, వేళ్ళతో బిగించగానే ఆగిన సంకేతం మళ్ళీ నడిచింది. అప్పుడక్కడ ఎవరూ లేరు. అన్న వచ్చి చూసేసరికి అది గట్టిగానే ఉంది.

విచారణలో సూపర్‌వైజరు, "ఆయప్ప వేళ్ళకు బూడిద పూసుకోకుండా దేన్నీ ముట్టడు సార్, అదే తీగ కొనలో పడి వెలుతురు ఆపింటాది," అంటే అందరూ నవ్వారు. బూడిద వల్లేనా అని మేనేజరు నన్నడిగాడు. అన్న నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. దాన్ని అవునని రాసుకున్నారు. ఆ వారంలోనే ఆయన ఉద్యోగం పోయి, మళ్ళీ మగ్గం గుంతలోకే దిగాడు. కొన్నాళ్ళకు క్రషర్ దగ్గరి కనెక్టర్లన్నీ నేనే తాళం రకానికి మార్పించాను. మంచి ఆలోచనని మెచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు మారుమూల కంబదూరు దాకా గాజు తీగలే. పొరపాటున తప్పు రకం ఎంచుకునే అవకాశమే లేదు. ఒకరి చేతిపనిని ఇంకొకరు పక్కన కూర్చుని చూసే తీరికా లేదు.

ఇంటర్నెట్ వచ్చిన మర్నాడే ధర్మవరం బస్సెక్కాను. అన్నకు చూపు బాగా తగ్గింది, గొంతును బట్టి గుర్తుపట్టాడు. వదిన ఎదుటే, మర రాసింది నేననీ, వదులై ఉండగా చూసి బిగించింది నేననీ, ఆయన పనిలో తప్పు లేదని తెలిసే తల దించుకున్నాననీ అంతా చెప్పాను.

"ఇన్నేండ్లూ నేనే సరిగ్గా తుడవలేదేమో అనుకుంటాంటినప్పా," అన్నాడు అన్న.

"బాగానే తుడిచినావన్నా, కండ్లారా చూసినా," అంటూ ఆయన చేతులు పట్టుకున్నాను. "తప్పు నాది. నన్ను క్షమించన్నా."