కాంతిని మించిన ఆలస్యం

కాంతికన్నా వేగంగా ఎలా వెళ్ళాలో మా కొత్తపేట కాలేజీలో పిల్లలకి పూతరేకుతో చెబుతుంటాను. ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తక్కర్లేదు. రేకునే మడిస్తే చివరలు కలుస్తాయి. అంతరిక్షాన్నీ అలాగే మడవాలంటుంది సిద్ధాంతం. తడి అద్దకపోతే రేకు విరిగిపోతుంది. అంతరిక్షానికి అద్దే తడి పేరు ఋణశక్తి. అదెక్కడ దొరుకుతుందండీ అనడిగితే మడతపేచీ పెడతాను.

ఆ రేకులు ఆత్రేయపురంలో మా అక్క తీసినవి. కిందటేడు, "వెలుగు చాలట్లేదురా, పక్కలు చీకటిగా ఉంటున్నాయి" అంది. ఫిజిక్స్ మేష్టారిని కదా, పెద్ద బల్బు పెట్టేసి వచ్చేను.

మొన్న అమలాపురంలో కళ్ళ డాక్టరు గారు అక్కని చూసి నీటికాసులన్నారు, చూపు పక్కల నుంచే పోతూ వస్తుందట. పోయిన చూపు రాదండీ, ఉన్నది నిలబెట్టుకోవాలన్నారు.

తిరిగొస్తుంటే బస్సులో అక్క అడిగింది: "కాంతిని దాటెళ్తే, పోయిన వెలుగుని పట్టుకోవచ్చేంట్రా?"

"పట్టుకోవచ్చే. దానికంటే ముందెళ్ళి నిలబడితే కిందటేడు మళ్ళీ కనిపిస్తుంది."

"కనిపిస్తే?"

"చూడ్డమే. మార్చలేం," అన్నాను.

"బల్బు ఇంకా బానే వెలుగుతోందిలేరా," అంది. పక్క సీట్లోనే ఉన్న నన్ను చూడ్డానికి, తల మొత్తం ఇటు తిప్పింది.