మనవుల పెట్టె

పెదవేగి పామాయిల్ నర్సరీలో వంకర మొక్కల్ని ఏరి పారేయడం పెర్సిస్ పని. మొవ్వ మెలిపడిన మొక్కని ఆమడ దూరం నుంచే పట్టేస్తుంది. ఆమె కడుపులోని వంకరని పట్టింది మాత్రం ఏలూరు డాక్టరమ్మ. గర్భసంచి పుట్టుకతోనే సగమే ఏర్పడింది, పక్కన కొమ్ములాంటి చిన్న తిత్తి, దాన్నుంచి బయటికి దారి లేదు.

"నెల తప్పగానే ఈ రిపోర్టు పట్టుకుని రావాలమ్మా. ఆ కొమ్ములో బిడ్డ నిలిస్తే అది పగిలి ప్రాణం మీదికొస్తుంది."

అత్తగారు విజయకుమారి ఆ రిపోర్టుని మడిచి చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో వేసేసింది. ఏడాది చివర ఉపవాస ప్రార్థనకే దాని తాళం తీస్తారు.

"అది డాక్టరుకి చూపించాలి కదండీ, అత్తయ్యగారూ!"

"దేవుడికిచ్చింది వెనక్కి అడుగుతావా? నీ అవిశ్వాసమే నీ కడుపుకి గడియ పెట్టింది."

మొగుడు జీవన్ కంచంలో ఇంకాస్త కూర వేసుకున్నాడు.

నెల తప్పింది. విజయకుమారి కోడల్ని వేరే స్కానింగ్ సెంటరుకి తీసుకెళ్లింది. "కొమ్మూ గిమ్మూ అని నోరు జారావంటే ఊరుకోను," అని దారిలోనే చెప్పింది. పెర్సిస్ నోరు మూసుకుంది. ముందే తెలియనివాడికి కొమ్ములోని పిండం గర్భసంచిలో ఉన్నట్టే కనిపిస్తుంది. "సంచిలోనే ఉందండీ," అన్నాడు స్కానింగ్ చేసిన డాక్టరు. ఆదివారం చర్చిలో చప్పట్లు.

నాలుగో నెలలో పెర్సిస్ నర్సరీలో మొక్కల మధ్యే కుప్పకూలింది. విజయకుమారి ప్రార్థన నూనె సీసాతో పరుగెత్తుకొచ్చి, "పాస్టరుగారు వచ్చేదాకా కదపొద్దు," అంది. తోటి కూలీ వెంకటనరసమ్మ అత్తగారిని పక్కకి నెట్టింది.

"నూనె తర్వాత రాద్దురుగానిలెండి, ముందు ఆటో ఎక్కించనివ్వండి!"

ఏలూరులో కడుపు కోస్తే నిండా రక్తమే. పగిలిన కొమ్మునీ బిడ్డనీ తీసేశారు. పెర్సిస్ బతికింది.

రెండు నెలలకి చర్చిలో విజయకుమారి మోచేత్తో పొడిచింది. "కాపాడిన ప్రభువుకి సాక్ష్యం చెప్పవే."

పెర్సిస్ మైకు దగ్గరికి పోలేదు. చేతిసంచిలోంచి నర్సరీ కత్తి తీసి మనవుల పెట్టె మూత పెకలించింది. పాస్టరుగారు, "అమ్మా, అది..." అనేలోపే తన రిపోర్టు చేతిలో ఉంది.

"వంకర మొక్కని దాచిపెడితే మా నర్సరీలో పనిలోంచి తీసేస్తారండీ. మీరు దాచారు, మీ మనవడే పోయాడు. ఇదే నా సాక్ష్యం, అత్తయ్యగారూ."

పెట్టెలో ఇంకా చాలా కాగితాలున్నాయి. ఒకదాని మీద పేరు చదివి, ఆడవాళ్లు కూర్చున్న వరసల వైపు తిరిగింది.

"మెర్సీ, నీ రొమ్ము స్కానింగ్ ఇక్కడుందమ్మా. వచ్చి తీసుకో."