ఇన్‌ఛార్జి కళ్ళజోడు పెట్టుకునేలోపు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. మొదట్లో చిన్నదే. రెండు ముక్కల మాట. ఇప్పుడు దాన్ని ఎక్కడ దింపాలో తెలియడం లేదు. పత్రికలో ఉన్నన్నాళ్ళూ ఇతరుల తప్పుల గురించి రాశాను, వాటికి శీర్షికలు పెట్టాను. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో వరసగా చెప్పడమే నా వృత్తి. ఈ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి వరస తప్పుతోంది. మనిషి దగ్గర మొదలుపెట్టాలా, మెషీన్ దగ్గరా? మెషీన్ దగ్గరైతే సులువు. సులువు కాబట్టే అనుమానంగా ఉంది. అయినా అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

గుంటూరులో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేసేవాణ్ణి. మా పేజీలో రోజూ మిర్చి బాక్సు ఒకటి వచ్చేది. రకాలవారీగా ధరలు, అడుగున ఒక్క లైను. మిర్చి మార్కెట్ యార్డు పనిచేస్తుందా, సెలవా అన్నదే ఆ లైను. మీకది అంత ముఖ్యంగా అనిపించకపోవచ్చు. సీజన్లో సరుకు పేరుకుపోతే యార్డుకు ఉన్నట్టుండి సెలవిస్తారు. తెలియక వచ్చిన రైతు బస్తాలతో సహా రోడ్డు మీదే ఉండిపోవాలి. అందుకే దర్శి వైపు, అద్దంకి వైపు ఊళ్ళల్లో పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఆ లైను చూసుకుని గానీ బండి కదిలించేవాళ్ళు కాదు.

ఆ బాక్సుకు సమాచారం పంపేది ఏలియా. అది అతని అసలు పేరు కాదు. ఇక్కడ కూడా పేరు మార్చాను. దాచుకుంటున్నది అతన్నా, నన్నా? ఏలియా జీతం లేని విలేకరి, మా భాషలో కంట్రిబ్యూటర్. వాళ్ళమ్మ యార్డు దగ్గరి షెడ్లలో మిరపకాయలకు తొడిమలు తీసే కూలి. ఆమె తల దించుకుని పనిచేసే చోటే కొడుకును కమిషన్ వ్యాపారులు "విలేకరి గారూ, రండి" అని కుర్చీ చూపించేవాళ్ళు. అతనికి ఆ పని ఇచ్చినదల్లా అదే. ఆ గౌరవం అతనికెంతో నాకు అప్పుడే తెలుసు. తెలియదని ఇప్పుడు చెప్పుకోలేను.

నాకు కంప్యూటర్ పిచ్చి. మౌసు అక్కర్లేకుండా కీబోర్డుతోనే నడిచే ఒక పాత టెక్స్ట్ ఎడిటర్ వాడేవాణ్ణి. దానికో సొంత స్క్రిప్టు భాష ఉంది, చేయాల్సిన పనులు వరసగా రాసిస్తే దానంతటదే చేసేస్తుంది. అందులో ఎక్స్‌ప్రెషన్ అని ఒకటి రాస్తాం. అంటే మనం ఒక షరతు పెడితే మెషీన్ దాన్ని తూచి, నిజమో కాదో తేలుస్తుంది. మనం పేరు పెట్టి దాచుకునే విలువలు కాక, ఎడిటర్ తనంతట తాను ఉంచుకునే వేరియబుల్స్ కొన్ని ముందే ఉంటాయి. వాటిలో v:errmsg అనేది ఒకటి. ఆఖరున జరిగిన పొరపాటు ఏమిటో అందులో ఒక వాక్యంగా ఉంటుంది. పొరపాటు తెర మీద కనపడకుండా ఎడిటర్ నోరు మనం నొక్కేసినా సరే, అందులో మాత్రం నమోదవుతుంది.

ఏలియా పంపే మెయిల్లో "యార్డు:" అని మొదలయ్యే లైనును వెతికి, పేజీలో పాత లైను తీసేసి దీన్ని పెట్టేలా నేనొక స్క్రిప్టు రాశాను. పని మధ్యలో ఆగకుండా ముందు ఎడిటర్ నోరు నొక్కాను. చివర్లో v:errmsg != "" అనే చిన్న షరతు పెట్టాను. అది ఖాళీగా లేకపోతే ఏదో తప్పింది, ఆగి నన్ను పిలువు అని దాని అర్థం. బాగానే రాశాను. కానీ అది మాటిమాటికీ ఆగేది. ఒక్కో మెయిలు ఒక్కో తీరుగా ఉండేది కదా. ఆగినప్పుడల్లా కుయ్ మని శబ్దం. పక్క సీటు సహోద్యోగి నన్ను మేష్టారనీ, నా స్క్రిప్టును అల్లుడనీ పిలుస్తూ అందరికీ వినపడేలా అనేవాడు: "మేష్టారి అల్లుడు మళ్ళీ అలిగాడు. ఎవరన్నా వెళ్ళి బతిమాలండి." డెస్కంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. లోపల నవ్వలేదు.

ఒకరోజు ఆ షరతు తీసేశాను. నోరు నొక్కే మాట మాత్రం ఉంచాను. ఆ తర్వాత అల్లుడు అలగలేదు. ఎంత చక్కగా పనిచేస్తోందో అన్నారు. మా డెస్కు ఇన్‌ఛార్జి గారు దాన్ని మిగతా ఎడిషన్లకూ ఇద్దామని హెడ్డాఫీసుకు చెప్పారు. నాకు అంతకన్నా ఏం కావాలి?

ఆ సీజన్లోనే ఒకరోజు మధ్యాహ్నం ఏలియా ఎప్పటిలాగే మెయిల్ పంపాడు. రేపు యార్డు యథావిధి అని. స్క్రిప్టు ఆ లైనును పేజీలో పెట్టింది. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాడు. రొప్పుతున్నాడు.

"సార్, రేప్పొద్దుటి నుంచి మూడు రోజులు సెలవండీ. ఇప్పుడే చెప్పారు. ఎదురుగా నెట్ సెంటర్ నుంచి ఇంకో మెయిల్ పెట్టాను. కాస్త చూడరూ."

ఫోను చెవి దగ్గర పెట్టుకునే మెయిల్ తెరిచాను. స్క్రిప్టు నడిపాను. తెర ఏమీ అనలేదు.

"మార్చేశానయ్యా" అన్నాను.

కంగారులో అతను ఒకే ఒక్క వాక్యం రాశాడు. రోజూ పెట్టే "యార్డు:" అన్న తల లేదు. స్క్రిప్టు దానికోసం వెతికింది, దొరకలేదు, నోరు నొక్కి ఉంది కాబట్టి ఊరుకుంది. పాత లైను పాతలాగే ఉంది. ఆ కాస్త లైనును నేను కళ్ళతో చూడలేదు. ఎందుకు చూడలేదు? తొందర అనుకుందామా? పేజీని ప్రెస్సుకు వదలడానికి ఇంకా కొన్ని నిమిషాల వ్యవధి ఉంది. చూడకపోవడమే నా స్క్రిప్టు గొప్పతనం అనుకునేవాణ్ణి, అదీ సంగతి. కాసేపటికి పేజీ వదిలేశాను.

ఇక్కడిదాకా పొరపాటు. ఇలాంటివి ఏ డెస్కులోనైనా జరుగుతాయి.

మర్నాడు మధ్యాహ్నం అకాల వాన కొట్టింది. నేను డ్యూటీకి వచ్చేసరికి రిసెప్షన్ దగ్గర ఒక రైతు, అతని భార్య తడిసిన బట్టలతో నిలబడి ఉన్నారు. అతని చేతిలో మా పేపరు. ఆమె కొంగులో గుప్పెడు మిరపకాయలు, తడిసి ఉబ్బి, ముట్టుకుంటే తోలు ఊడివస్తున్నాయి.

"దర్శి అవతల నుంచి వచ్చామయ్యా. యార్డు ఉందని రాశారు. గేటుకి తాళమేసుంది" అన్నాడు రైతు. గొంతు పెద్దది, కానీ కోపం కన్నా నీరసమే ఎక్కువ వినపడింది. "బస్తాల మీద పట్టాలు కప్పేలోపే వాన పడింది. రేపటి సంగతి పేపరోళ్ళకీ తెలవదని ముందే తెలిస్తే, మా ఊళ్ళో చిలకజోస్యం వాడున్నాడు, వాణ్ణే అడిగేవాణ్ణి గదా."

ఆమె కాయల్ని రిసెప్షన్ బల్ల మీద పోసింది. ఇద్దరూ వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు కూడా నేను అడగలేదు.

ఇన్‌ఛార్జి గారు ఏలియాను పిలిపించారు. అతను వానలోనే వచ్చాడు. మెయిలు అయితే ఉంది. అది వచ్చిన వేళకూ పేజీ వెళ్ళిన వేళకూ పెద్ద తేడా లేదు. అందువల్ల వేళలు చూసి ఏదీ తేల్చలేకపోయారు. ఇన్‌ఛార్జి గారు నా వైపు తిరిగారు.

"ఏమయ్యా, పేజీ వదలకముందు చూశావా, వదిలాక చూశావా? ఒక్క ముక్క చెప్పు."

ఒక్క ముక్క. దానికోసం నేను ఆలోచించాల్సిన పని లేదు. ఆలోచించాను. హెడ్డాఫీసు గుర్తొచ్చింది, అల్లుడి జోకు గుర్తొచ్చింది, ఏవేవో గుర్తొచ్చాయి. బల్ల మీద ఇంకా అక్కడే ఉన్న ఆ కాయలు మాత్రం గుర్తురాలేదు.

"వదిలాక చూశానండీ" అన్నాను.

ఏలియా నన్ను చూశాడు. నాకేదో మతిమరుపు వచ్చిందనుకున్నాడు పాపం, సాయం చేయబోయాడు. "సార్, ఫోన్ కూడా చేశాను గదండీ. మార్చేశానన్నారు మీరు."

"అది నిన్నటిది కాదు, ముందురోజు సంగతేమో ఏలియా. సరిగ్గా గుర్తు తెచ్చుకో."

ఎంత మెత్తగా అన్నానో. అతను జేబులోంచి చిన్న ఫోను తీసి బటన్లు నొక్కుతూ వెతికాడు. పొద్దుటి నుంచి రైతులు వరసగా తిట్టడానికి చేసిన కాల్స్‌తో అది నిండిపోయింది. పాతవి పోయాయి.

ఇన్‌ఛార్జి గారు చెడ్డవారు కాదు. ఇంకో మాట అడిగారు. "నీ మెషీన్‌లో ఆ స్క్రిప్టు ఉందిగా. అదేమన్నా తేడా చేసిందేమో ఓసారి చూడు." అని వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు.

ఎడిటర్‌ను నేను ఎప్పుడూ మూసేవాణ్ణి కాదు. నిన్న సాయంత్రం ఎలా వదిలానో అలాగే ఉంది. కాదనడానికి లేదు. v:errmsg చూపించమని టైపు చేశాను. తెర అడుగున ఒక లైను వచ్చింది. మొదట ఇంగ్లీషు, వెతికింది దొరకలేదని. చివర్లో ఏం వెతికిందో ఆ మాట తెలుగులో ఉంది. యార్డు.

ఆయన కళ్ళజోడు తాడుకు కట్టి మెడలో వేలాడుతోంది. చెయ్యి దాని మీదికి పోయింది.

"ఏమిటది?"

"మామూలుదేనండీ, ఎప్పుడూ వచ్చేదే" అంటూనే నా వేళ్ళు కదిలాయి. ఎడిటర్ సొంతంగా ఉంచుకునే వేరియబుల్స్‌లో చాలావాటిని మనం మార్చలేం, చదవడమే. దీన్ని మార్చనిస్తారు. కొత్త పని మొదలుపెట్టేముందు పాత పొరపాటును తుడుచుకుంటే, కొత్తది వచ్చిందో లేదో కచ్చితంగా తెలుస్తుందని. నిజాయితీగా పనిచేసేవాళ్ళ కోసం ఇచ్చిన వీలు. నేను దాన్ని ఖాళీ చేశాను. ఆయన కళ్ళజోడు ముక్కు మీద సర్దుకునేసరికి మళ్ళీ అడిగాను. తెర అడుగున ఏమీ రాలేదు.

"చూడండి" అన్నాను. "ఏమీ లేదు."

ఇప్పటికీ నన్ను పట్టుకుని ఉన్నది ఈ చోటే. ఎడిటర్‌ను మూసేసి ఉంటే అదే పోయేది. కంగారులో మూసేశానని చెప్పుకోవచ్చు, నాకు నేనైనా. నేను మూయలేదు. తుడిచి, ఖాళీని సాక్ష్యంగా చూపించాను. ఆ క్షణంలో నేనంత ప్రశాంతంగా ఎలా ఉన్నాను? అంతకుముందు ఎప్పుడూ అబద్ధాలాడి ఎరగనని అనుకునేవాణ్ణి. 

ఏలియా విలేకరి కార్డు తీసేసుకున్నారు. బల్ల మీద కార్డు పెడుతూ, ప్లాస్టిక్ కవరు మీది తడిని చొక్కాతో తుడిచి మరీ పెట్టాడు. మర్నాడు నేను తీసేసిన షరతును స్క్రిప్టులో తిరిగి పెట్టాను. అది మిగతా ఎడిషన్లకు వెళ్ళింది. ఏ ఇబ్బందీ రాలేదు. నన్ను మెచ్చుకున్నారు.

కొన్నేళ్ళ తర్వాత ఒక ఆదివారం ఇంట్లోవాళ్ళతో వాడరేవు బీచికి వెళ్ళాను. మెడలో కెమెరాతో ఒకతను దగ్గరికొచ్చి "ఫొటో తీయమంటారా" అని అడిగి, నన్ను గుర్తుపట్టి ఆగిపోయాడు. ఏలియా. అత్తగారి ఊరు చీరాల పక్కనే, ఇక్కడే ఉంటున్నానన్నాడు. అమ్మ పోయిందన్నాడు. నేను తప్పించుకోవాలని చూస్తున్నాను. అతను వదల్లేదు, ఏదో చెప్పాలని ఉంది.

"మీమీద చాలాకాలం కోపంగా ఉండేదండీ. తర్వాత తర్వాత ఆలోచిస్తే, మీరన్నదే నిజమేమో అనిపిస్తోంది. ఆ ఫోన్ నేను ముందురోజే చేసుంటాను. మెయిల్ కూడా ఆలస్యంగానే పెట్టుంటా. ఆ కంగారులో ఏం చేశానో ఏమో. మా అమ్మక్కూడా అదే చెప్పానండీ, తప్పు నాదేనని."

అప్పుడు చెప్పాల్సింది. ఎదురుగా ఉన్నాడు. మావాళ్ళు దూరంగా నీళ్ళలో ఉన్నారు, వినేవాళ్ళు లేరు. నోరు తెరిచాను కూడా.

"పాత సంగతులు ఎందుకులే ఏలియా" అన్నాను.

తల ఊపి, కెమెరా ఎత్తి, మావాళ్ళందరినీ ఒకచోటికి పిలిచాడు. "సార్, మీరు కొంచెం ఇటు జరగండి. నవ్వండి." నవ్వాను.

అతని పని పోగొట్టానని మాత్రమే అనుకునేవాణ్ణి, ఆ రోజు వరకు. అది నా తప్పులో చిన్న భాగమని అక్కడ తెలిసింది. తను సరిగ్గా చేసిన పనిని తను చేశానని నమ్మే వీలు కూడా లేకుండా చేశాను. నా మాట మీద గౌరవంతో తన జ్ఞాపకాన్ని తనే దిద్దుకున్నాడు. కొడుకు తప్పు చేశాడనుకుంటూ ఒక తల్లి వెళ్ళిపోయింది. దీన్ని ఎవరు మాఫీ చేయగలరు? మీరు చేయలేరు. అందుకు రాయడం లేదు. అతని ఎదుట నిలబడి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు, ఈ కాగితం దానికి బదులు కాదని కూడా తెలుసు. అయినా ఎక్కడో ఒకచోట ఇది జరిగింది జరిగినట్టు ఉండాలి.

ఏలియా ఆలస్యం చేయలేదు. తెలిసిన వెంటనే మెయిల్ పంపాడు. అప్పటికి పేజీ నా దగ్గరే ఉంది. అతను ఫోన్ చేసింది ముందురోజు కాదు.

ఇంతవరకు రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. పేజీ వదలకముందు, ఆ సాయంత్రమే ఏలియా ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను.