పెళ్ళివారి వీధిలో పేలాలు

మా ముత్తాతగారు ఆత్రేయపురం పక్క ఊరికి మునసబు. మా తాతగారు ఎవరింటి పెళ్ళికైనా తన మోటారు సైకిలు మీదే వెళ్ళేవారు. ఆయన బండి దిగేదాకా బాజాలు మొదలయ్యేవి కావు.

ఆ బండి పదకొండేళ్ళుగా మా ధాన్యపు కొట్టులో ఉండిపోయింది. పోయిన వేసవిలో ఒక బంధువుల పెళ్ళికి దాని మీదే వస్తానని అందరికీ చెప్పి, మెకానిక్కుకు అప్పగించాను. పాత పెట్రోలు తీసేసి, కార్బురేటర్ కడిగి, ప్లగ్గు మార్చినా ఇంజను దగ్గుతూనే ఉంది.

“సైలెన్సర్లో ఏదో అడ్డుందండి. రేపు విప్పి చూస్తానండి,” అన్నాడతను.

“ముహూర్తం ఇవాళ. మా తాతగారు ఏనాడూ ఆలస్యంగా వెళ్ళలేదు,” అని బయల్దేరాను.

సరిగ్గా పెళ్ళిపందిరి ముందు, అందరూ చూస్తుండగా బండి ఆగిపోబోయింది. పరువు దక్కించుకోవాలని ఎక్సలరేటర్ పూర్తిగా తిప్పాను. పెద్ద చప్పుడుతో సైలెన్సర్లోంచి తెల్లటి పేలాలు ఎగిరి వీధంతా పడ్డాయి. ఎలుకలు అందులో దాచుకున్న ధాన్యం వేడికి పేలిందన్నమాట. అచ్చం శవయాత్రలో చల్లినట్టుంది. బాజాలు ఆగిపోయాయి.

పెళ్ళికూతురి నాయనమ్మగారు అరుగు మీంచి, “ఎవరు పోయారు నాయనా?” అని అడిగారు.

“ఎవరూ పోలేదండి. పెళ్ళికి వచ్చాను,” అన్నాను, నిటారుగా కూర్చునే.

ఆ రోజు నుంచి ఇంజనుకు దగ్గు లేదు. నన్ను చూసి నవ్వేవాళ్ళకు మాత్రం కొదవ లేదు. వాళ్ళకు తెలియనిది ఒకటుంది. ఆ గింజలు మా కాలవగట్టు చేలో పండిన ఆఖరి పంటవి. బండిని కొట్టులో పెట్టిన ఏడాదే ఆ చేను అమ్మేశాం. ఆ తర్వాత కొట్టులోకి గింజ రాలేదు.