గిల్లిన చిగురు

మొన్న వాన వెలిసిన పొద్దున, అశోక్ నగర్‌లో మా పక్క హాస్టల్లో ఉంటూ సర్కారు కొలువు పరీక్షలకు చదువుకునే అమ్మాయి మా గేటు దగ్గరికొచ్చి, గోడవతల ఖాళీ జాగాలో దొగ్గలికూర మొలిచిందనీ, వండుకోవాలని పాణం కొట్టుకుంటోందనీ చెప్పి, "జర చూసి చెప్పు ఆంటీ, తినేదేనా?" అని అడిగింది. అచ్చం ఆ కూరలాగే ఉండి ప్రాణం మీదికి తెచ్చే మొక్క ఒకటి దాని పక్కనే మొలుస్తుందని మా ఇద్దరికీ తెలుసు. పల్లెలో పుట్టి పెరిగిన నేను తెలియదని ఏ మొహంతో చెప్పను?

మా ఊళ్ళో ఆ భయమే ఉండేది కాదు. వానకాలం చేలల్లోకి కూరకు పోతే, మా నాయనమ్మ అందరికంటే ముందు నడుస్తూ తినదగిన ప్రతి మొక్క చిగురునూ బొటనవేలి గోటితో గిల్లి పోయేది. వెనక అమ్మ, మేనత్త, నేను ఆ గిల్లినవాటినే కోసి ఒళ్ళో వేసుకునేవాళ్ళం. ఆకును ఎగాదిగా చూస్తూ నిలబడితే, "పురాణం సదువకుర్రి, గిల్లింది కోసుకుర్రి" అని కసిరేది. ఆవిడ గోరు వంకర కాబట్టి చిగురు ఏటవాలుగా తెగేది.

ఆవిడ పోయిన మరుసటి వానకాలం మేం ముగ్గురమే చేలోకి దిగితే, ఎదురైన మొదటి మొక్కకే చిగురు లేదు, ఏటవాలు కోత మీద పసరు ఇంకా తడిగా ఉంది. మేనత్త "నువ్వు గిల్లినవా వదినె?" అంటే, అమ్మ "నేను నీ ఎనకనే ఉన్న గదా" అంది. అయినా వాటినే కోశాం, వండుకు తిన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు.

పెళ్ళై అశోక్ నగర్‌కు వచ్చాక నారాయణగూడ మార్కెట్లో కట్టలు కొనుక్కోవడమే అలవాటై, అదంతా మరిచిపోయాననే అనుకున్నాను.

మొన్న ఆ అమ్మాయి వెంట వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని ఆ జాగాలో వంగి చూశాను. సగం మొక్కలకు చిగుళ్ళు లేవు, కోత ఏటవాలే. "నువ్వు గిల్లినవా బిడ్డా?" అని అడిగితే, "ఇంకా చెయ్యే పెట్టలే ఆంటీ" అంది. గిల్లినవే కోసుకోమని చెప్పాను. సాయంత్రం గిన్నెలో నాకూ పెట్టి పంపింది, అదే రుచి, పిల్ల ఇప్పటికీ నిక్షేపంగా ఉంది.

ఆ రోజు తినబోయే ముందు చేతులు కడుక్కుంటుంటే, నా బొటనవేలి గోట్లో పచ్చటి పసరు కనిపించింది. నేను ఒక్క మొక్కనూ ముట్టుకోలేదు. మా వాళ్ళలో నాకంటే పెద్దవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు. వెనక నడవడం తప్ప ఏమీ నేర్చుకోని నా దాకా ముందు నడిచే వరస ఎప్పుడొచ్చిందో నాకే తెలియలేదు.