మైనస్ చుక్కలు తీయనియ్యని సార్

మహాజనులారా, పాఠక దేవుళ్లారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలని తెలిసి కూడా, ఈ నివాళిలో మా పీహెచ్‌డీ గైడ్ సార్ మీద ఫిర్యాదులే రాయబోతున్నాను. పోయిన నెల ఆయన గుండెపోటుతో పోయారు. ఫోన్లో ఆ కబురు తెలిసేసరికి నేను వేంపల్లె నుంచి కడప వచ్చే బస్సులో ఉన్నాను, ఆయనతోనే కొట్లాడ్డానికి వస్తూ. వాదనంతా బట్టీ పట్టుకున్నాను. ఇప్పుడు ఎవరికి చెప్పేది?

మా పని గురించి రెండు మాటలు. ధ్రువం దగ్గర ఒక రాడార్ ఉంది. అది ఆకాశంలోకి రేడియో తరంగాలు వదులుతుంది. ఎనభై, తొంభై కిలోమీటర్ల ఎత్తులో గాలి సుడులు తిరిగే చోట తగిలి అవి కొంచెం వెనక్కొస్తాయి. వచ్చిన ప్రతిధ్వని ఎంత చెదిరి ఉంటే అక్కడ సుడులు అంత జోరుగా ఉన్నట్టు. ఆ కొలతలు కంప్యూటర్‌కి వస్తే కడపలో కూర్చుని మేం లెక్కలు కట్టేవాళ్లం. మంచు అన్నది సార్ ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు.

ఆ గదిలో మే నెలలో కూడా ఫ్యాను వెయ్యనిచ్చేవారు కాదు.

“కాగితాలు లేస్తాయప్పా.”

“గాలి సుడుల మీద పరిశోధన చేస్తా ఫ్యానుకు భయపడితే ఎట్లా సార్?”

“నీకు తెలుసునా, ధ్రువం మీద ఆ ఎత్తున ఎండాకాలంలోనే శానా చలి. కింద మంచుగడ్డల మీద కూడా అంత ఉండదు.”

“ఈడికి కొంచెం పంపమనండి సార్.”

చొక్కా చేతికి ముఖం తుడుచుకుంటూ నవ్వేవారు. ఫ్యాను మాత్రం వేసేవారు కాదు.

అసలు గొడవ మైనస్‌లతో. మామూలుగా వీచే గాలి కూడా ప్రతిధ్వనిని చెదరగొడుతుంది. ఆ వాటా తీసేస్తేనే సుడుల వాటా తేలుతుంది. “గాలిది గాలికి ఇచ్చేయప్పా, మిగిలిందే మనది” అనేవారు. ఇచ్చేస్తే కొన్నిచోట్ల మిగిలేది సున్నా కన్నా తక్కువ! గ్రాఫు బొమ్మ గీస్తే అవి సున్నా గీత కింద చుక్కలై పడేవి. పరిశోధన పత్రికవాళ్లు నా వ్యాసం తిప్పి పంపారు: సుడులు మైనస్‌లో ఎట్లా ఉంటాయి, తీసేయండి అని. అది అచ్చయితే తప్ప నా థీసిస్ కదలదు. తీసేద్దాం సార్ అని కాళ్లావేళ్లా పడ్డాను.

“కొలతలో తప్పు రెండు పక్కలా పడతాదప్పా. కింద పడినవే పారేస్తే సగటు పైకి లేస్తాది. ఆడ లేని దుమారం ఈడ కూర్చొని మనం లేపినట్టు కాదా?”

“మా ఇంట్లో లేస్తాంది సార్ దుమారం, ఇంకా డాక్టరు కాలేదేమని.”

“లేవనీ.”

ఇదీ ఆయన ఓదార్పు.

సంతాప సభలో ఒకాయన, సార్ ధ్రువాలను జయించారన్నారు. ఇంకొకాయన ఆకాశమంత మనిషన్నారు. మైనస్‌ల మాట ఒక్కరూ ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది. సభ అయ్యాక కొత్త గైడ్ నా భుజం తట్టి, “ఇంగ అడ్డం చెప్పేవాళ్లు లేరు కదప్పా. ఆ మైనస్‌లు తీసి పంపియ్, డాక్టరు అయిపోతావు” అన్నారు. నిజమే. అడ్డం చెప్పేవాళ్లు లేరు.

ఇక ఒప్పుకోలు. ఇన్ని ఫిర్యాదులు చేసిన నేను తీరా చేసింది ఒక్కటే. సార్ చెప్పిన కారణాన్నే మొన్న ఇంగ్లీషులోకి మార్చి జవాబుగా రాసి, ఒక్క చుక్క కూడా తీయకుండా వ్యాసం మళ్లీ పంపించాను. వాళ్ల నిర్ణయం ఇంకా రాలేదు. కంప్యూటర్ తెరమీద ఆ గ్రాఫు బొమ్మ అట్లే ఉంది. సున్నా గీత నేలలాగా, దాని కింద వేర్లకు చెనిక్కాయలు కాసినట్టు ఆ మైనస్ చుక్కలు.