అంచు ముక్క ఎవరిది

మా అమ్మాయికి ఆవగింజలంటే పడేది కాదు. పులిహోర పెడితే ముందు ఒక్కో ఆవగింజనీ ఏరి కంచం అంచున వరసగా పేర్చేది. "యాంట్స్" అనేది. చీమలు కావే, పోపు అని చెబితే, "అయితే పోపు యాంట్స్" అనేది. ఏరడం పూర్తయ్యేసరికి అన్నం చల్లారేది, నా ఓపిక హరించుకుపోయేది. ఉప్మా దాని దృష్టిలో తడి ఇసుక. పప్పులో కూర కలిసిందంటే "ఆ రెండూ టచ్ అయ్యాయి" అని ఏడుపు. కరివేపాకు కనిపించిందా, ఆ పూటకి భోజనం లేనట్టే. ఐదేళ్ల పిల్ల ఇష్టంగా తినేవి మూడే మూడు: పాలు పొయ్యని పొడి సీరియల్, ఓవెన్‌లో కాల్చిన ఫ్రోజెన్ బంగాళాదుంప ముక్కలు, అరటిపండు. అరటిపండు మీద మచ్చ ఉంటే అదీ లేదు.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మావారు ఇంజనీరు. నేను ఒక హాస్పిటల్ లాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం చేసేదాన్ని. సాయంత్రం బేబీసిట్టర్ దగ్గర్నుంచి పిల్లని తీసుకుని ఇల్లు చేరేసరికి చీకటి పడేది. కోటు విప్పకుండానే స్టవ్ వెలిగించేదాన్ని. వంట చిటికెలో అయిపోవాలి, ఒంటికి మంచిది కావాలి, ఆ మహాతల్లి నోట్లోకి పోవాలి. మొదటి రెండూ నా చేతిలో పనే. మూడోది దేవుడి చేతిలో కూడా లేదని నా అనుమానం.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. పాలకూర రుబ్బి చపాతీ పిండిలో కలిపితే, ఆ పచ్చ చపాతీని చూసి "దీనికి ఫీవరా?" అంది. బుల్లి దోసె వేసి, కిస్‌మిస్‌లతో కళ్లూ ముక్కూ పెట్టి ఇస్తే, కళ్లూ ముక్కూ తినేసి మొహం వదిలేసింది. ఇడ్లీలో క్యారెట్ తురిమి వేస్తే వేలుపెట్టి తవ్వి, తురుమంతా బయటికి లాగింది. "ఆకలేస్తే అదే తింటుంది, వదిలెయ్యండి" అని తెలిసినావిడ ఒకరు సలహా ఇస్తే ఒక ఆదివారం అదీ చేసి చూశాను. మధ్యాహ్నానికి దిగులుతో నాకే కళ్లు తిరిగాయి. అది హాయిగా బొమ్మలతో ఆడుకుంది.

అది వదిలేసిందంతా సింక్ దగ్గర నిలబడి నేను తినేదాన్ని. చల్లారిన పప్పన్నం, కళ్లులేని దోసె, తవ్వేసిన ఇడ్లీ. అదే నా రాత్రి భోజనం. పారెయ్యడానికి చెయ్యాడేది కాదు, తినిపించలేకపోయానన్న ఉక్రోషం ఇంకోవైపు.

ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పెద్దాయన, నెమ్మదైన మనిషి. బరువు తూచి, గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టి చూపించాడు. వయసుకి తగ్గ గీత పైనుంది, మా పిల్ల చుక్క బాగా కిందనుంది. "కంగారు పడకండి. ఏప్రిల్‌లో మళ్లీ తీసుకురండి. అప్పటికీ పెరక్కపోతే మాత్రం రక్తపరీక్షలు చాలానే చేయించాల్సి వస్తుంది" అన్నాడు. చిన్నపిల్లలకి నరం ఓ పట్టాన దొరకదు. ఒకరు చెయ్యి కదలకుండా పట్టుకోవాలి, ఒక్కోసారి మళ్లీ గుచ్చాలి. రోజూ ఎవరి పిల్లలకో నేను చేసే పనే అది. వాళ్ల అమ్మలు చూడలేక గోడవైపు తిరిగి నిలబడటం రోజూ చూసేదాన్ని. ఏప్రిల్‌లో ఆ గోడవైపు తిరిగేది నేనేనని తలుచుకుంటే భయంతో నిద్ర పట్టేది కాదు.

చలి తగ్గాక రమ్మన్నా వినకుండా మా మామగారు ఫిబ్రవరిలో వచ్చారు. అత్తగారు పోయాక అదే మొదటిసారి ఆయన ఇల్లు కదలడం. రిటైరైన మనిషి. మంకీ క్యాప్ పెట్టుకుని, సోఫాలో ఓ మూల కూర్చుని అన్నీ గమనించేవారు. ఒక సాయంత్రం నేను కంచం పట్టుకుని, "ఇంకొక్క ముద్ద, లాస్ట్, ప్రామిస్" అంటూ పిల్ల వెనక సోఫా చుట్టూ తిరుగుతుంటే కాసేపు చూసి అడిగారు.

"అమ్మాయ్, ఈ ప్రదక్షిణలు రోజూ ఉంటాయా?"

"రోజూనండీ మామయ్యగారూ."

"మీ ఇంట్లో మీ అమ్మగారూ మిమ్మల్నిలాగే తరిమేవారా?"

"మేం ఆరుగురమండీ. తరమడానికి ఆవిడకి తీరికెక్కడిది?"

ఆయన "ఊఁ" అని ఊరుకున్నారు. ఆ "ఊఁ"లో నా పెంపకానికి ఏదో వంక దొరికిందనిపించి నాకు ఒళ్లు మండింది. ఆయన్ని ఏమీ అనలేక గిన్నెల మీద చూపించాను ఆ కోపం. పాపం గిన్నెలు.

ఇక ఆ శనివారం సంగతి. ఆ చలిదేశంలో ఇడ్లీపిండి పులవాలంటే ఓవెన్ తప్ప గతిలేదు. ఓవెన్ వేడి చెయ్యకుండా, లోపలి లైటు మాత్రం వేసి, మందపాటి గిన్నెలో పిండి పెట్టేదాన్ని. పొద్దుటికి పొంగేది. తెలియక ఎవరైనా ఓవెన్ వెలిగిస్తారేమోనని తలుపు మీద "లోపల పిండి ఉంది" అని కాగితం అంటించాను. ఆ పొద్దున నేను బట్టలు ఉతకడానికి బేస్‌మెంట్‌కి వెళ్లాను. పిల్ల ఆకలంది. ఆకలి అనడమే మహాభాగ్యం కాబట్టి మావారు పరుగున వెళ్లి ఓవెన్ ఆన్ చేసి, పైఅరలో బంగాళాదుంప ముక్కలు పెట్టారట. కింది అర వైపు చూడలేదు.

నేను బట్టల బుట్టతో మెట్లెక్కుతుంటే మినప్పిండి కాలుతున్న వాసన కమ్మగా వచ్చింది. ఈ అమెరికన్ల ఇళ్లలో ఇదెవరు చేస్తున్నారబ్బా అనుకున్నాను. మా గుమ్మంలోకి వచ్చాక అర్థమైంది. ఒంటికాలి మీద లేచాను.

"ఏమండీ! తలుపు మీద కాగితం కనపళ్లేదా?"

"అది ఎప్పుడూ అక్కడే ఉంటుందిగా! పిండి ఉన్నప్పుడూ ఉంటుంది, లేనప్పుడూ ఉంటుంది. నాకేం తెలుసు?"

ఆ మాట నిజమే కావడంతో నా కోపం ఇంకా పెరిగింది. వారానికి సరిపడా పిండి. గిన్నె బయటికి తీసి చెత్తబుట్ట వైపు నడుస్తుంటే మామగారు అడ్డొచ్చి లోపలికి తొంగిచూశారు.

"పైన అట్టు కట్టిందే! పారెయ్యకమ్మాయ్. స్టవ్ మీద పెట్టి చుట్టూ నూనె వెయ్యి. సెగ తగ్గించి మూత పెట్టు. ఇది దిబ్బరొట్టె."

జన్మలో గరిటె పట్టని మనిషి, తినడంలో మాత్రం దిట్ట. చెప్పినట్టే చేశాను. కాసేపయ్యాక గిన్నె బోర్లిస్తే పళ్లెంలోకి ఇంత మందాన రొట్టె పడింది. లోపల దూదిలా ఉంది, చుట్టూ అంచు ఎర్రగా కాలి కరకరలాడుతోంది. తేనె సీసా తెచ్చి పక్కన పెట్టానో లేదో, మామగారు పెద్ద అంచు ముక్క విరిచారు. మావారు దాని రెండో కొస పట్టుకున్నారు.

"నాన్నా, ఆ అంచు నాది. చిన్నప్పుడు కూడా అంచులన్నీ మీరే తినేసేవారు."

"మీ అమ్మ నాకే పెట్టేదిరా. అడగాలంటే ఆవిణ్నే అడగాల్సింది."

తండ్రీకొడుకులు అలా చెరో కొసా లాక్కుంటుంటే నాకు నా పుట్టిల్లు గుర్తొచ్చింది. ఆరుగురిలో పెరిగినదాన్ని, అంచు ముక్క ఎలా కొట్టెయ్యాలో నాకొకరు నేర్పాలా? మధ్యలో చెయ్యి పెట్టి లాగేశాను. ముగ్గురం పడీపడీ నవ్వాం. మాకు పిల్ల సంగతే గుర్తులేదు.

అది బంగాళాదుంప ముక్కలు ముందు పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది. పుట్టిన దగ్గర్నుంచీ భోజనాల వేళ దాని నోటివైపు ఎవరూ చూడకపోవడం అదే మొదలనుకుంటాను.

"ఏంటది?" అంది. ఎవరూ పలకలేదు. "వాట్ ఈజ్ దట్?" అని అరిచింది. కుర్చీ దిగి వచ్చి తాతగారి కంచంలో చెయ్యి పెట్టబోతే ఆయన కంచం పక్కకి జరిపేశారు.

"నీకెందుకే తల్లీ, నువ్వు తినవుగా. ఉన్నదే కాస్త."

"తింటా!"

"అబద్ధం."

"ఐ డూ! తింటా!" అంటూ ఆయన చేతిలోని అంచు ముక్క లాక్కుని సోఫా వెనక్కి పరిగెత్తింది. సోఫా వెనకనుంచి కరకరమని చప్పుడు. నేను లేవబోయాను.

"కూర్చో అమ్మాయ్" అన్నారు మామగారు మెల్లగా. "అటు చూడకు. నీ ముక్క నువ్వు తిను, లేకపోతే నేను తీసుకుంటాను."

అది మళ్లీ వచ్చి వాళ్ల నాన్న చేతిలోది లాక్కుంది. ఆ తర్వాత నాది. నాకు ఏడుపొచ్చేసింది. కంట్లో నలక పడిందన్నాను, ఎవరూ నమ్మలేదు. ఆయన "ఊఁ" అని ఎందుకన్నారో నాకప్పుడు అర్థమైంది. దాని కంచంలోది కావాలని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత నేను ఆలోచనలో పడ్డాను. గిన్నెకి ఉండేది ఒకటే అంచు. మఫిన్లు చేసే పళ్లేనికి ఎన్ని గుంటలుంటే అన్ని అంచులు. ఆదివారం మళ్లీ పిండి రుబ్బాను. సోమవారం సాయంత్రం గుంటలకి నూనె రాసి, క్యారెట్ తురుము, సన్నగా తరిగిన పాలకూర కలిపిన పిండి పోసి ఓవెన్‌లో పెట్టాను. నేను బట్టలు మార్చుకుని, పిల్లకి స్నానం చేయించేలోగా బుల్లి దిబ్బరొట్టెలు తయారు. నలుగురికీ మిగిలేటన్ని చేసి, రాశిగా పోసి బల్ల మీద పెట్టాను. పిల్ల వాటిని ఒకసారి చూసి, అరటిపండు అడిగింది.

మామగారు నవ్వారు. "అన్ని చేస్తే ఎవరు లాక్కుంటారమ్మాయ్?"

మర్నాటినుంచి ఎప్పుడూ ఒకటి తక్కువ చేసేదాన్ని. ఖాళీ గుంట మాడకుండా అందులో నీళ్లు పోసేదాన్ని. ఇక చూడాలి ఆ సంబరం! మామగారు దొంగలా చెయ్యి చాచడం, అది కెవ్వున అరిచి లాక్కోవడం, వాళ్ల నాన్న ఓడిపోయినట్టు మూతి ముడుచుకోవడం. క్యారెట్ ఏరడానికి దానికి టైమెక్కడిది? ఏరుతూ కూర్చుంటే తాత లాగేస్తాడు. ఒకరోజు అలవాటు కొద్దీ పిండిలో పోపు వేసేశాను. వేశాక నాలిక్కరుచుకున్నాను. చీమలన్నీ చప్పుడు చెయ్యకుండా లోపలికి పోయాయి. క్రమంగా పెసరట్టూ అలాగే నడిచింది. శనగ గుగ్గిళ్లు ఒకే గిన్నెలో వేసి కార్‌లో వెనకసీటు మీద పెడితే, ఇల్లు చేరేలోగా తాతా మనవరాలూ దెబ్బలాడుకుని ఖాళీ చేసేవారు.

ఒకటి తక్కువంటే ఎవరో ఒకరికి తగ్గుతుంది కదా. ఆ ఒకరు నేను. నా వంతుకి వచ్చినవి కూడా పిల్ల లాక్కోవడానికి వీలుగా నా కంచం దానికి దగ్గరగా జరిపేదాన్ని. మగవాళ్లిద్దరూ ఆటలో పడి గమనించలేదు. సింక్ దగ్గర తినడానికి ఇప్పుడు పిల్ల వదిలేసింది కూడా ఉండేది కాదు. ఒక బ్రెడ్డు ముక్క మీద ఆవకాయ రాసుకుని తిని పడుకునేదాన్ని. ఖాళీ కంచాలు చూస్తే కడుపు నిండిపోయిందని చెప్పను. ఆకలేసేది. కానీ నేను అంత సంతోషంగా ఎన్నడూ లేను.

ఏప్రిల్ వచ్చింది. డాక్టరు దగ్గరికి మామగారు కూడా బయల్దేరారు, మంకీ క్యాప్‌తో సహా. పిల్ల తూకం యంత్రం మీద నిలబడింది. డాక్టరు కాగితం మీద చుక్క పెట్టి, పాత చుక్కనీ కొత్త చుక్కనీ కలుపుతూ గీత గీశాడు. గీత పైకి పోయింది.

"ఇక సూదుల మాట వద్దు" అన్నాడు. "ఇంతకీ ఏం పెట్టారేంటి?" అని నన్నడుగుతుంటే, నేను నోరు తెరవకముందే మా అమ్మాయి అంది.

"అమ్మని కూడా దీనిమీద ఎక్కించండి."

"ఎందుకు?"

"అమ్మది రోజూ నేనే లాక్కుంటాను. అమ్మ ఎవరిదీ లాక్కోదు."

డాక్టరు నవ్వుతూనే నన్ను ఎక్కమన్నాడు. ముల్లు ఆగిన చోటు చూసి మావారు నా మొహంలోకి చూశారు. మామగారు క్యాప్ తీసి చేత్తో పట్టుకుని, నేల చూపులు చూశారు.

ఆ సాయంత్రం నేను పిండి పోస్తుంటే పిల్ల స్టూలెక్కి నిలబడింది. నీళ్లు పోయబోతున్న గుంట చూపించి, "అందులో కూడా వెయ్యి" అంది.

"వేస్తే అందరికీ సరిపోతాయి. అప్పుడు నువ్వు తినవుగా?"

"వెయ్యి అమ్మా."

వేశాను. భోజనాల దగ్గర అన్నిటికంటే ఎర్రగా కాలినది ఏరి నా కంచంలో పెట్టింది. రెండు చేతులూ నా కంచం చుట్టూ కంచెలా పెట్టి, తాతనీ నాన్ననీ గుడ్లురిమి చూసి, "నో స్నాచింగ్" అంది. తర్వాత గడ్డం బల్లకి ఆనించి, రెప్పవెయ్యకుండా నా నోటివైపే చూస్తూ కూర్చుంది. అలా చూస్తుంటే ముద్ద మింగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. సగం తిని, నీళ్లు తాగే వంకతో మిగతాది కంచంలో పెట్టాను.

అది ఆ సగాన్ని తీసి నా పెదాలకి ఆనించింది.

"ఇంకొక్క ముద్ద, అమ్మా. లాస్ట్. ప్రామిస్."

మాట నాది, గొంతు కూడా నాదే. నోరు తెరిచాను.